ప్రేమమణి టీచర్‌గారి కార్పెట్టూ మా అడ్వాన్సూ

హైదరాబాదు ఎండల్లో ఉన్ని కార్పెట్టు పరిచిన ఇల్లు అద్దెకు తీసుకున్న తెలివైనవాళ్ళం మేము. చూడ్డానికి వెళ్ళిన రోజే మా ఆయన హేమచంద్రకు చెవిలో చెప్పాను, ఇది మనకొద్దండీ, రవ్వ ఒలికితే ఏరుకోలేం అని. ఆయన వింటేనా! ఈస్ట్ మారేడ్‌పల్లిలో, గ్రౌండ్ ఫ్లోర్‌లో, పెరట్లో కరివేపాకు చెట్టుతో సహా ఆ అద్దెకు ఇల్లు దొరకడం మన అదృష్టం అన్నాడు. ఆ అదృష్టం ఎర్రగా, పచ్చటి ద్రాక్షతీగలతో, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుని ఉంది.

ఇంటావిడ ప్రేమమణి టీచర్‌గారు పై వాటాలో ఉంటారు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రైల్వేలో గార్డుగా చేసిన వాళ్ళాయన ఆ కార్పెట్టును ఎప్పుడో మీర్జాపూర్ నుంచి రైల్లో వేసుకుని తెచ్చారట. ఆయన పోయి పదేళ్ళయింది, కార్పెట్టు మాత్రం ఉంది. దాన్ని ఎలా ఇచ్చారో అలాగే అప్పగించాలని అగ్రిమెంటులో ఏడో షరతు. ఇంకో షరతు కాగితం మీద లేదు, నోటిమాట. శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా హాలు మాది కాదు. టీచర్‌గారి చర్చివాళ్ళ ప్రార్థన కూడిక అక్కడ జరుగుతుంది. పైకి వెళ్ళే మెట్లు మరీ ఇరుకు, వచ్చేవాళ్ళలో సగం మందికి మోకాళ్ళ నొప్పులు.

"మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మోకాళ్ళ మీద ఎలా ఉంటారండీ?" అని అడిగాను అప్పుడు.

"అందుకేనమ్మా కార్పెట్టు" అన్నారు టీచర్‌గారు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకున్నాను.

అలా నాలుగేళ్ళపాటు ప్రతి శుక్రవారం పన్నెండు మంది వచ్చేవారు. ఎవరి చోటు వాళ్ళది. పెళ్ళి పందిట్లోనైనా ఒకరి కుర్చీలో ఒకరు కూర్చుంటారేమోగానీ ఇక్కడ ఒకరి చోట ఒకరు మోకరించరు. కిటికీ దగ్గర జ్ఞానశేఖర్ గారు, సంఘ పెద్ద. రైల్వే బుకింగు కౌంటర్లో పనిచేశారు కాబట్టి కాస్త గట్టిగా మాట్లాడతారు, దేవుడు అద్దానికి అవతల ఉన్నట్టు. ఫ్యాను కింద ఆలిస్, పక్క వీధిలో టైలరింగు షాపు. అందరికంటే ముందు, కార్పెట్టు నడిమధ్యన పెద్ద ద్రాక్షగుత్తి మీద టీచర్‌గారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి వినేదాన్ని. భక్తి అనుకునేరు. వాళ్ళకు టీ పెట్టేది నేనే, పాలు పొంగిపోతాయని.

వినగా వినగా నాకు ఆ పద్ధతి నోటికొచ్చేసింది. ముందు స్తోత్రం. తర్వాత తప్పులు ఒప్పుకోవడం. ఆ తర్వాత మనవులు. చివర ఆమెన్. ఇందులో నాకు భలే నచ్చింది ఒకటుంది. వీళ్ళు మనిషికి ఎదురుగా చెప్పలేనిది దేవుడికి చెబుతారు, ఆ మనిషి పక్కనే ఉండగా.

"ప్రభువా, గత ఆదివారం నీ మందిరములో మా సహోదరి ఆలిస్ ప్రసంగము జరుగుచుండగా ఫోను చూచుకొనినది. ఆమెకు మెలకువ దయచేయుము" అంటారు జ్ఞానశేఖర్ గారు.

ఆలిస్ ఊరుకుంటుందా? తన వంతు వచ్చేదాకా ఆగి, "తండ్రీ, ప్రసంగములో గురకపెట్టి నిద్రపోయిన పెద్దలను కూడా జ్ఞాపకము చేసుకొనుము" అంటుంది.

ఎవరేమన్నా మధ్యలో నోరెత్తకూడదు. ప్రార్థనలో ఉన్న మనిషిని ఆపే హక్కు ఎవరికీ లేదు. ఇక చివర్లో ఆమెన్ అన్నారా, సంతకం పెట్టినట్టే. ఒక డిసెంబరులో జ్ఞానశేఖర్ గారు, "క్రిస్మసుకు మా అందరికీ ప్లమ్ కేకు చేయవలెనన్న ఆశ ఆలిస్ హృదయములో పుట్టించుము" అని ముగిస్తే, అలవాటు కొద్దీ అందరితోపాటు ఆలిస్ కూడా ఆమెన్ అనేసింది. కళ్ళు తెరిచాక లబోదిబోమంది. "ఆమెన్ అన్నాక వెనక్కి తీసుకోకూడదమ్మా" అన్నారు టీచర్‌గారు. పాపం, పన్నెండు మందికీ కేకు చేసింది. గుమ్మంలో నిలబడినందుకు నాకూ ఒక ముక్క వచ్చింది.

ఈ ఏడాది మా అమ్మాయి స్కూలు అటువైపు మారడంతో కాప్రాలో ఫ్లాట్ చూసుకున్నాం. నోరు ఊరుకోక ఆలిస్‌తో గొప్పలు పోయాను కూడా. "లిఫ్టుంది ఆలిస్‌గారూ, హాలు ఎంత పెద్దదనుకున్నారు, పదిహేను మంది హాయిగా కూర్చోవచ్చు" అని. ఒక్కటే ఇబ్బంది. ఆ ఇంటాయన ఆదివారంలోగా అడ్వాన్సు చేతిలో పెట్టకపోతే ఇంకో పార్టీకి ఇచ్చేస్తానన్నాడు. రెండిళ్ళకు రెండు అడ్వాన్సులు కట్టేంత స్తోమతు మాకు లేదు. టీచర్‌గారి దగ్గరున్నది తెచ్చి అక్కడ కట్టాలి. నాలుగేళ్ళలో ఒక్క నెల అద్దె ఆలస్యం చేయలేదు కదా, నవ్వుతూ ఇచ్చేస్తారులే అనుకున్నాను.

మంగళవారం పొద్దున్నే టీచర్‌గారు ఒక మనిషిని వెంటబెట్టుకుని దిగారు. పేరు భద్రయ్య. బన్సీలాల్‌పేట్‌లో సోఫాలూ కార్పెట్లూ బాగుచేస్తాడట. టీచర్‌గారి ముఖంలో నవ్వు లేదు.

"చూడు భద్రయ్యా, ఎలా అరగ్గొట్టారో. కొత్తది వేయాలంటే ఎంతవుతుందో చెప్పు. వీళ్ళ అడ్వాన్సులోంచి తీసుకుంటాను."

 కొత్త కార్పెట్టంటే అడ్వాన్సంతా ఊడ్చిపెట్టుకుపోతుంది.

భద్రయ్య గొంతుక్కూర్చుని కార్పెట్టును అరచేత్తో నిమిరాడు. ఇటు నిమిరాడు, అటు నిమిరాడు. మనిషి వైద్యుడిలాగా ఉన్నాడు.

"ఏందమ్మా, గిది గిట్ల అరిగింది?"

"నడిచి" అన్నారు టీచర్‌గారు.

"కాదమ్మా. ముప్పై ఏండ్ల సంది గిదే పని చేస్తున్న. కాళ్ళతోని నడిస్తె తొవ్వ లెక్క పొడుగ్గ అరుగుతది. గిది జెర సూడుండ్రి, జంటలు జంటలు. ఈడ రెండు, ఈడ రెండు, గా కిటికీ కాడ రెండు. మోకాళ్ళమ్మా ఇవి. మా బస్తీల మసీదు దరీలు సుత నేనే కుడ్త, గవీ గిట్లనే ఉంటయ్."

నాకు భద్రయ్యకు దండేయాలనిపించింది. టీచర్‌గారు మాత్రం కళ్ళజోడు సవరించుకున్నారు.

"వారానికి నూట అరవై ఎనిమిది గంటలు. మేము వాడేది గంటన్నర. మీరు వాడేది నూట అరవై ఆరున్నర. ఎవరు అరగ్గొట్టినట్టమ్మా, సింధూరా?"

లెక్కల టీచరుతో వాదనకు దిగడమంటే మాటలా? "మీరే కదండీ ఆ రోజు, మోకాళ్ళ కోసమే కార్పెట్టు అన్నారు" అన్నాను. "నేను అన్నట్టు అగ్రిమెంటులో ఉందా?" అన్నారావిడ. ఒళ్ళు మండిపోయింది. హేమచంద్ర వైపు చూశాను. ఆయన నీళ్ళు నములుతూ నిలబడ్డాడు.

ఆయన నీళ్ళు నమలడానికి కారణం ఉంది. అది మీకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెబుతాను, ఎలాగూ బయటపడింది కాబట్టి. మూలనున్న మనీప్లాంటు కుండీ కింద కార్పెట్టుకు రెండు బోడిగుండ్లు ఉన్నాయి. ఇంటి నుంచి ఆఫీసు పనిచేసిన రోజుల్లో ఈయనగారి కుర్చీ చక్రాలు చేసిన నిర్వాకం. కుండీ పెట్టింది నేను. టీపాయ్ కింద అరచేయంత ఆవకాయ నూనె మరక ఉంది. అది పూర్తిగా నా నిర్వాకం. టీపాయ్ జరిపింది కూడా నేనే. మంగళవారం నాడు ఆ కుండీకి ఒక పక్కన నేనూ, టీపాయ్‌కి ఒక పక్కన ఆయనా కాపలా కాశాం.

"ఆ జంటల సంగతి ఆవిడ మోకాళ్ళ సంగతి. మన సంగతి బయటపడకుండా పోదాం పద సింధూ, ఎంతిస్తే అంత తీసుకుని" అన్నాడు హేమచంద్ర వాళ్ళు వెళ్ళాక.

"ఎంతిస్తే అంతంటే సున్నా. ఆదివారం కాప్రా ఆయనకు ఏం పెడతారు, మనీప్లాంటా?" అన్నాను.

బుధవారం పైకి వెళ్ళి అడిగాను. మాట వినకుండానే మధ్యలో ఆపేశారు. గురువారం మళ్ళీ వెళ్ళాను. నోరు తెరిచేలోగా ఏడో షరతు చదివి వినిపించారు. మెట్లు దిగుతూ అనుకున్నాను, ఈవిడ నన్ను మధ్యలో ఆపకుండా ఉండే చోటు ఈ లోకంలో ఎక్కడైనా ఉందా అని. చివరి మెట్టు మీద ఆగిపోయాను. ఉంది. మా హాల్లోనే ఉంది. వారానికి గంటన్నర.

శుక్రవారం సాయంత్రం మా దేవుడి గదిలో దీపం పెట్టి, స్వామీ, వేరే గుమ్మానికి ఒక పని మీద వెళ్తున్నాను, ఏమీ అనుకోకు అని చెప్పుకున్నాను. ఆరింటికి పన్నెండు మందీ వచ్చారు. పాట అయింది, వాక్యం అయింది. "ఈ గృహములో ఈ కుటుంబముతో ఇది మన చివరి శుక్రవారము. మోకరించుదము" అన్నారు జ్ఞానశేఖర్ గారు. గుమ్మంలోంచి చూశాను. పన్నెండు మందీ ఎవరి చోట వాళ్ళు, ఒక్క అంగుళం అటూ ఇటూ కాకుండా, ఆ అరిగిన జంటల్లో మోకాళ్ళు దించారు. సాకెట్లో ప్లగ్గులు పెట్టినట్టు సరిపోయాయి.

"అయ్యగారూ, ఇవాళ నేనొక ప్రార్థన చేసుకోవచ్చా?" అన్నాను.

హాలంతా నావైపు తిరిగింది. ఆలిస్ కళ్ళు చెమర్చాయి. "స్తోత్రం!" అన్నారు జ్ఞానశేఖర్ గారు పరవశంగా. టీచర్‌గారు మాత్రం అనుమానంగా చూశారు. లెక్కల టీచరు కదా. కానీ వద్దని ఎలా అంటారు? నేను గుమ్మం పక్కనే మోకాళ్ళు దించి కళ్ళు మూసుకున్నాను.

"కృపగల తండ్రీ, నీకు స్తోత్రం. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లో మమ్మల్ని చల్లగా చూచినందుకు స్తోత్రం. కరివేపాకు చెట్టుకు స్తోత్రం. తండ్రీ, ఈ హాల్లో శుక్రవారం శుక్రవారం పన్నెండు మంది నీ బిడ్డలు మోకరించుచున్నారు. పన్నెండు మందంటే ఇరవై నాలుగు మోకాళ్ళు. ఏడాదికి యాభై రెండు శుక్రవారాలు. నాకు లెక్క రాదు, టీచర్‌గారికి వచ్చును. ఆ మోకాళ్ళ కింద ఏమైనదో నీకు తెలియును. నీ బిడ్డలు కూడా కళ్ళు తెరవకుండానే చేతులతో తడిమి చూచుకొందురు గాక."

 హాలంతా గరగరమని చప్పుడు. తడుముకుంటున్నారు! "అయ్యో దేవా" అని ఆలిస్ గొణగడం వినపడింది. నాకు నవ్వాగలేదు, పెదవి కొరుక్కున్నాను. ఇక మనవి చెప్పేసి ఆమెన్ అనడమే. గొంతు సర్దుకోవడానికి ఒక్క క్షణం ఆగాను.

అదే కొంప ముంచింది. కొత్తగా ప్రార్థన చేసేవాళ్ళు ఆగిపోతే పెద్దలు అందిస్తారు. జ్ఞానశేఖర్ గారు మెల్లగా, ప్రేమగా, "మా అపరాధములు..." అని అందించారు.

"మా అపరాధములు నీ యెదుట ఒప్పుకొనుచున్నాము తండ్రీ" అంది నా నోరు. నాలుగేళ్ళుగా విన్న నోరు, ఆగమంటే ఆగుతుందా? "మూలన మనీప్లాంటు కింద రెండు బోడిగుండ్లు ఉన్నవి. అవి మా ఆయన కుర్చీ చక్రాలు చేసినవి."

పడగ్గదిలో ఏదో కిందపడిన చప్పుడైంది. హేమచంద్రే అయి ఉంటాడు.

"టీపాయ్ కింద మరక ఉన్నది. అది ఆవకాయ. జాడీ పట్టుకుని ఫోన్లో మా అమ్మతో మాట్లాడుచుండగా ఒలికినది. ద్రాక్షపండ్ల రంగులో కలిసిపోయినదని నన్ను నేను మోసము చేసుకొంటిని. టీచర్‌గారిని కూడా."

ఇంతా చెప్పేశాక దాచడానికి ఏమీ మిగల్లేదు. విచిత్రమేమిటంటే, హాయిగా అనిపించింది. మంగళవారం నుంచి ఆ కుండీ నా గుండె మీదే ఉన్నట్టుంది.

"చక్రాలు మావి, ఆవకాయ మాది. వాటి ఖర్చు మేము పెట్టుకొందుము. మోకాళ్ళు అరగదీసినది మాత్రము మా మీద వేయకుండునట్లు టీచర్‌గారి హృదయమును మెత్తపరచుము. ఆదివారములోగా మా అడ్వాన్సు మాకు ఇప్పించుము. లేనియెడల కాప్రా ఇల్లు చేజారును. యేసు నామమున అడుగుచున్నాను తండ్రీ."

"ఆమెన్!"

పన్నెండు గొంతులు. అందులో ముందు వరసలోంచి వచ్చిన గొంతు నాకు బాగా తెలుసు. యాభై ఏళ్ళ అలవాటు ఊరికే పోతుందా! గెలిచాననుకుని కళ్ళు తెరవబోయాను.

"ప్రభువా" అన్నారు టీచర్‌గారు. తెరవబోయిన కళ్ళు మళ్ళీ మూసుకున్నాను.

"ప్రభువా, ఈ పిల్ల చెప్పినది నిజము. పెద్ద ద్రాక్షగుత్తి బోసిపోయినది నా మోకాళ్ళ వల్లనే. ఆయన పోయిన ఏడాది నుంచి శుక్రవారము వస్తే గాని నాకు వారము గడిచేది కాదు. అది నీకొక్కడికే తెలియును. వీళ్ళ తర్వాత ఈ ఇంటికి వచ్చువారు కార్పెట్టు తీసివేయమన్నారు. శుక్రవారము కుదరదన్నారు. అద్దె కావలెను గనుక సరే అన్నాను. ఆ ఉక్రోషము వాళ్ళ మీద చూపలేక, వెళ్ళిపోయే ఈ పిల్ల మీద చూపించాను. నన్ను క్షమించుము."

 ఆవిడ ఏడో షరతు చదువుతుంటే నాకు కార్పెట్టే కనిపించింది గానీ ఆవిడ కనిపించలేదు. పైన ఆ ఒక్క గదిలో, ఎవరూ ఎక్కలేని మెట్ల పైన, శుక్రవారం సాయంత్రం ఆవిడ ఒక్కరే మోకరించడం కళ్ళకు కట్టింది. నిజంగా సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రేపే అడ్వాన్సు ఇచ్చెదను. భద్రయ్య చక్రాలకును ఆవకాయకును ఎంత అడుగునో అంతే పట్టుకొందును."

"స్తోత్రం" అన్నాను నేను వెక్కుతూ.

"మరియు తండ్రీ, కాప్రాలో నీవు ఈ బిడ్డకు చక్కని ఇల్లు ఇచ్చితివి. దానికి లిఫ్టు ఉన్నదనియు, హాలు పెద్దదనియు, పదిహేను మంది హాయిగా కూర్చొనవచ్చుననియు ఈ బిడ్డే ఆలిస్‌తో చెప్పియున్నది. శుక్రవారము శుక్రవారము ఆ గుమ్మము మాకు తెరవబడును గాక. ఈ కార్పెట్టు కూడా అక్కడనే పరచబడును గాక. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ."

"ఆమెన్!"

అందరికంటే గట్టిగా అన్నది నేను. ఏడుపులో ఉన్నాను కదా, ఆ ఊపులో వచ్చేసింది. మాట నోట్లోంచి వెళ్ళిపోయాక గానీ చెవుల్లోకి రాలేదు.

కళ్ళు తెరిచేసరికి పన్నెండు మందీ నన్నే చూస్తున్నారు. ఆలిస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్లమ్ కేకు బాకీ ఇన్నాళ్ళకు తీరినట్టుంది ఆమె ముఖం. పడగ్గది తలుపు తెరుచుకుని హేమచంద్ర తల బయటికొచ్చింది.

"ఇప్పుడు నువ్వేమన్నావ్?" అన్నాడు.

"ఆమెన్ అన్నాక..." అని మొదలుపెట్టారు టీచర్‌గారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"తెలుసండీ" అన్నాను.

టీ తెచ్చి అందరికీ ఇచ్చాను. ఎప్పటిలాగే టీచర్‌గారికి చక్కెర తక్కువ. ఆవిడ ముఖంలో మంగళవారం లేని నవ్వు వచ్చింది. ఓడిపోయినదాన్నో గెలిచినదాన్నో నాకే తెలియలేదు. కాప్రా ఇల్లయితే దక్కింది. దాంతోపాటు పన్నెండు మందీ, ఇరవై నాలుగు మోకాళ్ళూ దక్కాయి. నా నోరు ఊరుకుంటుందా?

"అది సరేగానీ టీచర్‌గారూ, కార్పెట్టు మీది, ఇల్లు మాది. రేపు కాప్రాలో అరిగితే బాధ్యత ఎవరిదండీ?"

టీచర్‌గారు కప్పు కింద పెట్టారు.

"మంచి ప్రశ్నేనమ్మా. దాన్ని కూడా ప్రార్థనలో పెడదాం" అన్నారు.

పన్నెండు మందీ మళ్ళీ మోకాళ్ళు దించారు. నేను మాత్రం పాలు పొంగుతున్నాయంటూ వంటింట్లోకి పరిగెత్తాను. పొయ్యి మీద పాలు లేవు.